ఆరుబయట యుద్ధవిమానాల మ్యూజియం: మూడు గంటలు తిరిగా, ఒక్కటీ గుర్తు లేదు

గాలిపటం
అందరికీ నమస్తే. నిన్న ఆరుబయట పాత యుద్ధవిమానాలు పెట్టిన మ్యూజియానికి వెళ్లొచ్చా. చిన్నప్పట్నుంచీ ఉన్న కోరిక. పెద్ద మైదానం, వరుసలు కట్టి డెబ్భైకి పైనే విమానాలు. మొదటి పదింటి దగ్గర బోర్డు మొత్తం చదివి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నా. ఇరవయ్యో దాని దగ్గరికొచ్చేసరికి బోర్డులో మొదటి లైనుతో సరి. ఆ తర్వాత ఎండ, కాళ్ల పీకు, అన్నీ ఒకటే బూడిదరంగు. ఇంటికొచ్చి ఫొటోలు తిరగేస్తే సగం ఏవేమిటో పోల్చుకోలేకపోయా.

దానికి తోడు చాలావాటికి కాక్‌పిట్ అద్దాల మీద తెల్ల పెయింట్ కొట్టేశారు. ఇంజన్ మూతులకు చెక్కలు బిగించారు. ఎక్కనివ్వరు, ముట్టుకోనివ్వరు. టైర్లు బీటలు వారి ఉన్నాయి. ఉన్నమాట చెప్పాలంటే పాత ఇనుము యార్డులో తిరిగినట్టనిపించింది. లోపం నాలో ఉందా, మ్యూజియంలో ఉందా? మీరైతే అక్కడ ఏం చూస్తారు?

డెల్టారెక్క
లోపం బోర్డుల్లో ఉంది. పొడవు ఇంత, గరిష్ఠ వేగం ఇంత, ఇంజన్ ఫలానాది. ఆ అంకెలు ఇంట్లో కూర్చుని కూడా చదువుకోవచ్చు. అక్కడ నిలబడితే తప్ప తెలియనిది ఆకారం.

ఎఫ్-4 ఫాంటమ్ ఉందా మీరు చూసినచోట? 5,000కి పైగా తయారైన విమానం, పెద్ద మ్యూజియాల్లో చాలావాటిలో ఉంటుంది. ఈసారి దాని ఎదురుగా, కొంచెం దూరంగా నిలబడండి. రెక్క మధ్యభాగం సాఫీగా ఉంటుంది, చివరి భాగం మాత్రం 12 డిగ్రీలు పైకి లేచి ఉంటుంది. తోక రెక్కలేమో 23 డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. ఎవరో కూర్చుని వంచేసినట్టుంటుంది! అసలు సంగతేమిటంటే, విండ్ టన్నెల్ పరీక్షల్లో రెక్క మొత్తాన్నీ 5 డిగ్రీలు పైకెత్తాలని తేలింది. అలా చేస్తే మధ్యలో ఉన్న బరువైన కట్టడమంతా మళ్లీ మొదట్నుంచి గీయాలి. అందుకని దాని జోలికి పోకుండా కొసల్నే 12 డిగ్రీలు ఎత్తారు, సగటున 5 వచ్చింది. ఇంజనీర్లు తలనొప్పి తప్పించుకున్న వైనం అరవై ఏళ్ల తర్వాత కూడా కళ్లెదుట కనిపిస్తుంది. ఏ బోర్డు మీదా ఇది రాయరు.

లెన్సుమూత
ఫొటోల సంగతి నేను చెప్తా. డెబ్భై విమానాలకు డెబ్భై ఫొటోలు, అన్నీ పక్క నుంచి, అవునా? ఇంటికొచ్చాక అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి మరి. మిట్టమధ్యాహ్నం వెళ్లారని కూడా అర్థమైంది. పొద్దున్నే ఏటవాలు వెలుతురు ఉన్నప్పుడు వెళ్తే రేకుల అతుకులు, రివెట్లు, సొట్టలు అన్నీ నీడలతో బయటపడతాయి. నడినెత్తిన ఎండలో విమానం చదునైపోతుంది. మబ్బు పట్టిన రోజైతే మరీ మంచిది, ఆకాశం బాగోదు గానీ వివరాలు బాగా వస్తాయి.

ఇంకో సరదా. కెమెరాకు పోలరైజర్ (ఒక దిశలో కంపించే వెలుతురునే పోనిచ్చే ఫిల్టర్) బిగించి, పెయింట్ కొట్టని కానోపీ, అంటే కాక్‌పిట్ పైకప్పు, వైపు పెట్టి మెల్లగా తిప్పండి. ఒక్కోసారి ఆ పారదర్శక ప్లాస్టిక్‌లో ఇంద్రధనస్సు చారలు కనిపిస్తాయి. దాన్ని వంచి బిగించినప్పుడు లోపల మిగిలిపోయిన ఒత్తిడి అది.

మోడల్ జిగురు
నేను స్కేల్ మోడళ్లు కట్టేవాణ్ని, కాబట్టి నా జబ్బు వేరు. ఒక్కో పర్యటనకు ఐదు విమానాలకు మించి చూడను. మిగతా అరవై అయిదింటి పక్క నుంచి తల తిప్పకుండా వెళ్లిపోతా. గాలిపటం గారూ, మీ తప్పు ఏదైనా ఉంటే ఇక్కడే.

ఏ-4 స్కైహాక్ వెనక్కి వెళ్లండి. రడ్డర్, అంటే నిలువు తోకకు వెనక కదిలే పలక, చూడగానే లోపలిదేదో బయటికి వచ్చేసిందనిపిస్తుంది. మామూలుగా లోపల పక్కటెముకలు, వాటికి రెండు వైపులా రేకు ఉంటుంది. దీనికి మధ్యలో ఒకే రేకు, పక్కటెముకలు బయట. తోకలో వణుకు పోగొట్టడానికి చేసిన మార్పు అది, చివరి మోడళ్ల దాకా అలాగే ఉండిపోయింది.

మిగ్-29 పాత రకం దొరికితే రెక్క మొదట్లో పైభాగం మీద చూడండి, కిటికీ రెక్కల్లాంటి చీలికలు వరుసగా ఉంటాయి. నేల మీద పరిగెత్తేటప్పుడు రాళ్లూ రప్పలూ ఇంజన్‌లోకి పోకుండా కింది మూతులు మూసేసి ఆ పై చీలికల్లోంచి ఊపిరి పీలుస్తుంది. ముందు చక్రానికి వెనక మడ్‌గార్డు కూడా ఉంటుంది, సైకిల్‌కున్నట్టు. సరిగా లేని రన్‌వేల మీద దిగాల్సి వస్తుందని ముందే అనుకుని చేసిన విమానం అని ఆ రెండూ చూస్తేనే తెలిసిపోతుంది.

రివెట్ల గురించి ఒక్కటి చెప్పి ఆపేస్తా. రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ తొలి రోజుల్లో తల పైకి తేలని రివెట్లు ఎక్కడ తప్పనిసరో, ఎక్కడ మామూలు గుండ్రటి తలవి సరిపోతాయో తేల్చుకోవాల్సి వచ్చింది. నున్నటి రివెట్లు వేయడం ఖర్చు, ఆలస్యం. ఏం చేశారంటే, నున్నటి రివెట్ల మీద ఎండు బఠాణీ బద్దలు జిగురుతో అతికించి ఎగరేశారు! ఒక్కో చోట గీకేస్తూ మళ్లీ మళ్లీ ఎగరేసి చూశారు. అన్నీ అతికించినప్పుడు గంటకు 35 కిలోమీటర్ల దాకా వేగం పడిపోయింది. అది తెలిశాక ఏ పాత విమానం దగ్గరికెళ్లినా ముందు రివెట్ల మీదే చూపు పోతుంది నాకు.

ఇద్దరు పిల్లల తల్లి
ఇంత చదువు మా పిల్లలకు చెప్తే పారిపోతారు 😄 మేం వేరేలా చూస్తాం. గేటు దగ్గరే ఒక పందెం వేస్తా: “వంకర ఉన్న విమానాన్ని ఎవరు ముందు పట్టుకుంటారు?” పోయినసారి మా చిన్నది ఏ-10 ముందు కూలబడి “అమ్మా, దీనికి ముందు చక్రం మధ్యలో లేదు, ఎడమ పక్కకుంది” అని అరిచింది. తొమ్మిదేళ్లు దానికి. నేను ఆ విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాను, నాకు కనపడనే లేదు.

డెల్టారెక్క
పాప కళ్లకు దండం. ఒక్క సవరణ మాత్రం: విమానంలో కూర్చున్న పైలట్ లెక్కలో ఆ చక్రం కుడి పక్కన ఉంటుంది. పాప ఎదురుగా నిలబడింది కాబట్టి ఎడమగా కనిపించింది. ఆ విమానం అసలు ఒక ఫిరంగి చుట్టూ కట్టింది. ఏడు గొట్టాలు తిరుగుతూ పేలే ఫిరంగి, దాన్ని కాస్త ఎడమకు జరిపి పెట్టారు. పేలే క్షణంలో ఏ గొట్టం పేలుతుందో అది కచ్చితంగా మధ్య గీత మీద ఉండాలని. లేకపోతే ఆ తన్నుకు ముక్కు పక్కకు తిరిగిపోతుంది. ఫిరంగికి చోటిచ్చి చక్రం కుడికి జరిగింది.

ఇద్దరు పిల్లల తల్లి
చెప్పా దానికి. “నేను చూసిన వైపు నుంచి ఎడమే కదా” అంటోంది. మీరే తేల్చుకోండి.

హ్యాంగర్ నంబర్ 3
చాలా రోజుల తర్వాత రాస్తున్నా. ఇరవై రెండేళ్లు మిగ్-21ల కింద పనిచేసినవాణ్ని. పైలట్‌ను కాదు, గ్రౌండ్ సిబ్బంది. అంటే ఆ విమానం నాకు ఎక్కువగా తెలిసింది కింద నుంచే.

గాలిపటం బాబూ, పాత ఇనుము యార్డు అన్నావు. కోపం రాలేదు గానీ గుచ్చుకుంది. మ్యూజియంలో మొదటిసారి నేను పనిచేసిన రకం విమానాన్ని చూసినప్పుడు నాకూ అలాగే ఉండింది. వాసన లేదు. మాకు విమానమంటే ముందు కిరోసిన్ వాసన, వేడెక్కిన రబ్బరు వాసన. అక్కడ గడ్డి వాసన వేస్తోంది. చప్పుడు లేదు. చాలాసేపు దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు.

తర్వాత అలవాటు చొప్పున వంగి ప్రధాన చక్రం గుంటలోకి చూశా. అప్పుడు తెలిసింది, అది మా విమానమే. పైన ఎన్నిసార్లు రంగు మార్చినా గుంట లోపల ఎవరూ శ్రద్ధగా వేయరు. గొట్టాల మీద పాత రంగు పట్టీలు అలాగే ఉన్నాయి, దేంట్లో ఇంధనం పోతుందో దేంట్లో హైడ్రాలిక్ నూనె పోతుందో చీకట్లోనూ పొరబడకుండా. ఒక బ్రాకెట్ పక్కన ఎవరో మార్కర్‌తో వేసిన టిక్కు గుర్తు. బిగించేశాను అని తనకు తాను పెట్టుకున్న గుర్తు. అలాంటివి నేనెన్ని పెట్టానో.

మీరు వెళ్లినప్పుడు తాడు దాటకుండానే వంగి చూడండి. ముందు ముక్కులో శంకువు ఉంటుంది చూశారా, మిగ్-21కి, అది ఊరికే మొన కోసం పెట్టింది కాదు. ధ్వనికంటే వేగంగా వచ్చే గాలిని ఇంజన్ నేరుగా మింగలేదు, ముందే నెమ్మదింపజేయాలి. వేగాన్ని బట్టి ఆ శంకువు ముందుకూ వెనక్కూ జరిగి ఆ పని చేస్తుంది. రాడార్ కూడా అందులోనే. పెద్ద రాడార్ పెట్టాలంటే శంకువు పెద్దదవ్వాలి, శంకువు పెద్దదైతే గాలికి దారి తగ్గుతుంది. 11,000కి పైగా చేసిన విమానానికి చివరిదాకా ఆ పేచీ వదల్లేదు.

గాలిపటం
సార్, ఆ మాట అన్నందుకు క్షమించండి. కొంచెం దూకుడుగా రాశా.

హ్యాంగర్ నంబర్ 3
అయ్యో, ఫరవాలేదు బాబూ. చూసింది చూసినట్టు రాశావు.

తుప్పుమరక
తెల్ల పెయింట్, చెక్క మూతలు, టైర్లు, ఈ మూడింటికీ జవాబు నా దగ్గరుంది. పదకొండేళ్లుగా ఇలాంటి చోటే వారాంతాల్లో వాలంటీర్‌గా గీకుడు, కడుగుడు పని.

కానోపీ మీద తెలుపు ఎందుకంటే, అది గాజు కాదు, యాక్రిలిక్. ఎండకు పసుపెక్కి, సన్నటి పగుళ్ల వల అల్లుకుని మసకబారుతుంది. లోపల వేడి పేరుకుని సీట్లు, వైర్లు, డయళ్లు పొడి పొడి అయిపోతాయి. కప్పేస్తే బాగా తగ్గుతుంది. మీకు కనపడకుండా చేయాలని కాదు. ఇంజన్ మూతులు మూయకపోతే పక్షులు. ఒక రవాణా విమానం రెక్కలోంచి మేం రెండు సంచుల పుల్లలు తీశాం. పక్షి రెట్ట అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ పుల్లలేమో తేమను పట్టి ఉంచుతాయి.

ఎక్కనివ్వకపోవడానికి కారణాలు కొన్ని పైకి చెప్పరు. పాత విమానాల డయళ్ల మీద చీకట్లో మెరిసే అంకెలుండేవి, చాలావాటిలో రేడియోధార్మికత ఉన్న రేడియం. మెరుపు ఎప్పుడో పోయింది, రేడియం మాత్రం ఉంది. అది సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు. ఆపదలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లలో పేలుడు గుళికలుంటాయి, మ్యూజియానికి వచ్చేముందు తీసేస్తారు, తీసేశారని కాగితం కూడా ఉండాలి. కొన్నింట్లో ఊపిరితిత్తులకు చేటుచేసే ఆస్‌బెస్టాస్ నార. పిల్లల్ని ఎక్కించే ముందు ఇవన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

టైర్లు: అరవై ఏళ్ల రబ్బరు ఎండలో నిలవదు. అందుకే చాలాచోట్ల ఇరుసు కింద ఇనుప స్టాండు పెట్టి బరువు దాని మీద వేస్తారు, టైరు ఊరికే అలంకారానికి. ఈసారి చూడండి, టైరుకూ నేలకూ మధ్య కాగితం దూరేంత సందు ఉంటుంది కొన్నిచోట్ల.

ఇప్పుడు అసలైనది, నీళ్లు. విమానం పొట్ట కింద చిటికెన వేలు పట్టేంత రంధ్రాలుంటాయి, లోపల చేరిన నీరు బయటికి పోవడానికి. అవి ఎక్కడుండాలో ఎలా లెక్కేస్తారు? విమానం తన చక్రాల మీద తాను మామూలుగా నిలబడ్డప్పుడు ఏది పల్లమో అక్కడ. మ్యూజియానికి వచ్చాక ముందు చక్రం ఉన్న కాలులో గ్యాస్ కారిపోయి ముక్కు వాలుతుంది, లేదా స్టాండు మీద పెట్టినప్పుడు ముక్కు లేస్తుంది. పల్లం మారిపోయింది. రంధ్రం ఉన్నచోటికి నీళ్లు రావు, నీళ్లున్నచోట రంధ్రం లేదు. ఉన్న రంధ్రాలనేమో దుమ్ము, ఎండుటాకులు, కందిరీగల మట్టి గూళ్లు పూడ్చేస్తాయి.

మాకు ఒకసారి ఒక జెట్ ట్రైనర్ పొట్ట తట్టినప్పుడు బోలు చప్పుడుకు బదులు నిండు కుండ చప్పుడొచ్చింది. సన్నటి తీగతో రంధ్రం పొడిస్తే ముందు నల్లటి బురద, తర్వాత నీళ్లు, పదిహేను నిమిషాలు కారాయి. ప్యానెల్ విప్పితే లోపలి ఫ్రేము తడిసి ఆరిన పుస్తకంలా పుటలు పుటలుగా ఉబ్బి ఉంది. అల్యూమినియం తుప్పు ఇనుములా ఎర్రగా ఉండదు, తెల్లటి పొడి, బూడిదరంగు పొరలు. బయటి నుంచి చూస్తే ఆ విమానం ఆ వరుసలోకెల్లా నిగనిగలాడుతోంది, రెండేళ్ల కిందటే పెయింట్ వేశారు. నేనైతే ఏ మ్యూజియంకెళ్లినా ముందు పొట్ట కింద మరకలు చూస్తా. రంధ్రం నుంచి మరక కిందికి జారి ఉంటే సంతోషం, నీళ్లు పోతున్నట్టు.

డెల్టారెక్క
అలాంటప్పుడు బయట పెట్టడమే నేరం కదా. అన్నింటినీ కప్పు కిందికి చేర్చాలి. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో చేశారు: అమెరికా భారీ బాంబర్ బీ-52 ఏళ్ల తరబడి బయటే ఉండేది, దానికి సరిపడేలా పెద్ద గాజు ముఖం ఉన్న భవనం కట్టి 1997లో తెరిచారు.

తుప్పుమరక
చేయాలనే ఎవరికుండదు? బీ-52 రెక్కల కొస నుంచి కొసకు 56 మీటర్లు. దానికంటే పాత అమెరికా బాంబర్ బీ-36 అయితే 70 మీటర్లు. ఒక్కదానికే ఒక భవనం కావాలి. ఆ డబ్బుతో బయటున్న ఇరవై విమానాలను ముప్ఫై ఏళ్లు కాపాడొచ్చు. వాతావరణం కూడా చూడాలి. అరిజోనాలో పీమా మ్యూజియం దగ్గర సుమారు 400 విమానాలున్నాయి, చాలావరకు బయటే, చివరిగా తయారైన బీ-36 సహా. ఎడారి గాలి పొడి, వాన తక్కువ. పక్కనే అమెరికా వైమానిక దళం వేల విమానాలను నిల్వ ఉంచేదీ ఆ కారణానికే. అక్కడ ఎండ చంపుతుంది, తుప్పు కాదు. సముద్రం పక్కనైతే లెక్క తలకిందులు, ఉప్పు గాలికి ఏ పెయింటూ నిలవదు.

లెన్సుమూత
నేను ఇద్దరితోనూ ఒప్పుకోను. లోపల పెట్టిన విమానం పక్కన ఇంకో విమానం ముక్కు, నెత్తిన ఇంకోటి వేలాడుతూ, దీపాల నీడలు. ఏ ఒక్కదాని ఆకారమూ పూర్తిగా కనపడదు. బయటైతే వెనక ఆకాశం. సోవియట్ భారీ బాంబర్ టూ-95 కుటుంబం విమానం ఎదురుగా నిలబడ్డారా ఎప్పుడైనా? మాస్కో దగ్గరి మోనినో మ్యూజియంలో టూ-95, విశాఖ తీరాన టూ-142. ఒక్కో ఇంజన్‌కు ముందు నాలుగు రెక్కల ఫ్యాను, దాని వెనకే ఇంకో నాలుగు, రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. కదలకుండా ఉన్నప్పుడే వాటి మెలికలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉన్నాయని గమనిస్తాం. అది ఆకాశం ముందు చూడాల్సింది.

మోడల్ జిగురు
నా ఫిర్యాదు వేరు. తుప్పుమరక గారూ, మీవాళ్లు రంగు వేసేటప్పుడు అన్నీ మింగేస్తారు. చిన్నచిన్న అక్షరాలు, “ఇక్కడ అడుగు పెట్టొద్దు”, ఇంధనం పోసే మూత పక్క గుర్తులు, అతుకులు. మొత్తం ఒకే రంగు దట్టంగా పూసి వదిలేస్తే అది విమానం బొమ్మ. స్కాట్లండ్‌లోని ఈస్ట్ ఫార్చ్యూన్ మ్యూజియంలో ఉన్న బ్రిటిష్ బాంబర్ వల్కన్ ఎక్స్‌ఎం597 ముక్కు మీద రెండు క్షిపణి గుర్తుల పక్కన చిన్న బ్రెజిల్ జెండా ఉంటుంది. 1982 ఫాక్‌లాండ్ యుద్ధంలో గాల్లో ఇంధనం నింపుకునే గొట్టం విరిగిపోయి, దిక్కుతోచక రియో డి జనీరోలో దిగాల్సొచ్చిందని సిబ్బంది తమ మీద తామే వేసుకున్న జోకు అది. అరచేయంత బొమ్మ. ఎవరో బ్రష్షు పట్టుకుని ఒక్కసారి గీస్తే పోతుంది.

తుప్పుమరక
మీ కోపం న్యాయమే. ఒకప్పుడు అలాగే చేశారు, మేమూ చేశాం. ఇప్పుడు మా దగ్గర నియమం ఏమిటంటే, గీకే ముందు ప్రతి అడుగూ ఫొటో తీసి, అక్షరాలను పారదర్శక కాగితం మీద దించుకుని, తర్వాతే గీకాలి. గీకుతుంటే ఒక్కోసారి కింద పాత స్క్వాడ్రన్ గుర్తు బయటపడుతుంది. ఆ రోజు పని ఆగిపోతుంది, అందరం చుట్టూ చేరి చూస్తాం. కానీ పెయింట్ వేయకుండా మాత్రం ఉండలేం. అది దాని చర్మం. ఒక చదరపు అడుగు బోడిగా వదిలేస్తే తర్వాతి వానాకాలానికి మీరు ప్రేమించే రివెట్ల చుట్టూ ఉన్న రేకే ముందు పోతుంది, ఉక్కు తగిలిన చోట తడిలో అల్యూమినియం తినేసుకుపోతుంది.

ఇద్దరు పిల్లల తల్లి
నాకు ఇప్పుడే మళ్లీ వెళ్లాలనుంది. “పొట్ట కింద మరక ఎవరు ముందు పట్టుకుంటారు” అని కొత్త పందెం.

గాలిపటం
ఈరోజు మళ్లీ వెళ్లా. గేటు తీసేసరికి అక్కడున్నా. ఆరే విమానాలు, రెండున్నర గంటలు. మిగతావాటి పక్క నుంచి వెళ్తుంటే కొంచెం తప్పు చేస్తున్నట్టనిపించింది, నిజం.

ఫాంటమ్ ఎదురుగా నిలబడ్డా. ఇంతకుముందు ఫొటో తీసిన విమానమే, ఆ వంపులు అప్పుడు నా కంటికే ఆనలేదు. స్టార్‌ఫైటర్ కూడా ఉందక్కడ, ఎఫ్-104. దాని రెక్క ఇంత కురచగా ఉంటుందని ఫొటోల్లో తెలియదు. ముందు అంచుకు ఎర్ర తొడుగు తొడిగి ఉంది. అక్కడి పెద్దాయన్ని అడిగితే, పదునుకు నేల మీద మనుషులకు తెగకుండా ఆ రోజుల్లోనే అలా తొడిగేవాళ్లట.

మిగ్-21 దగ్గర హ్యాంగర్ సార్ చెప్పినట్టు వంగి చూశా. టిక్కు గుర్తు దొరకలేదు. కానీ గుంట లోపలి మూత మీద పెన్సిల్‌తో రెండు అంకెల కూడిక ఉంది, మొత్తం తప్పు వేసి కొట్టేసి మళ్లీ రాశారు.

ఇంకో సంగతి. చివరి వరుసలో రెండు ఇంజన్ల పాత బాంబర్ ఒకటి, ముక్కు బాగా కిందికి వాలి ఉంది. పొట్ట కింద నాలుగు రంధ్రాలు లెక్కపెట్టా. మూడింటి నుంచి మరక ఉంది. ముందున్న నాలుగోది, అన్నింటికంటే పల్లంలో ఉన్నది, మట్టితో మూసుకుపోయి పొడిగా ఉంది. దాని చుట్టూ పెయింట్ చిన్న బొబ్బల్లా లేచింది. ముట్టుకోలేదు.

తుప్పుమరక
ఆ బొబ్బలు లోపలి నుంచి వస్తున్నాయి. వెంటనే వాళ్ల ఆఫీసుకు చెప్పండి, ఫొటో ఉంటే పంపండి. “రంధ్రం మూసుకుంది, ముక్కు వాలింది” అని ఆ రెండు మాటలూ కలిపి చెప్పండి. అర్థమైనవాళ్లుంటే తీగ పట్టుకుని పరిగెత్తుకొస్తారు.

గాలిపటం
చెప్పేసి వచ్చా. ఆ పెద్దాయనే వచ్చాడు, తీగతో పాటు బకెట్ కూడా తెచ్చాడు. అరబకెట్ పైనే వచ్చింది.

హ్యాంగర్ నంబర్ 3
ఆ కూడిక ఫొటో ఉంటే పెట్టు బాబూ. ఏడు అంకె ఎలా వేశాడో చూడాలి.